క్రాసింగ్ కాలంలో కంప్యూటర్ పాఠం

తెలంగాణలో బడిగంట జూన్ 12న మోగుతుంది. గద్వాల ప్రాంతపు నడిగడ్డ చేలల్లో సీడ్ పత్తి జూలై దాటేసరికి మొగ్గ తొడుగుతుంది. గట్టు, ధరూర్, మల్దకల్, ఐజ మండలాల్లో ఒకప్పుడు వేలమంది పిల్లలకు ఈ రెంటికీ మధ్య దొరికే ఆరేడు వారాలే ఆ ఏటి చదువు. మొగ్గ కనబడిందంటే క్రాసింగ్ మొదలు. మధ్యాహ్నం పూట ఆడ మొక్కల సాళ్ళలో తిరిగి, రేపు విచ్చుకోబోయే మొగ్గల్ని వెతికి, రేకులు వలిచి, లోపలి పుప్పొడి తిత్తుల్ని గోటితో గీరేయాలి. మర్నాడు పొద్దున్నే మగ మొక్క పువ్వు తెచ్చి, నిన్న వలిచిన మొగ్గకు రాయాలి. ఒక్క మొగ్గ కన్నుగప్పినా అది తన పుప్పొడితో తానే కాయ కడుతుంది, విత్తనం కల్తీ అవుతుంది. రెండు మూడు నెలలు రోజూ ఇదే పని. చెట్టు పొట్టి గనక పిల్లలైతే వంగక్కర్లేదనీ, వాళ్ళ వేళ్ళు సన్నమనీ పెద్దలు చెప్పేవాళ్ళు. అది సాకు. పిల్లలకు, అందులోనూ ఆడపిల్లలకు, కూలి తక్కువ. పైగా ఎదురు చెప్పరు.

బీటీ పత్తికి మన దేశంలో అనుమతి వచ్చింది 2002లో. దేశంలో రైతులు కొనే పత్తి హైబ్రిడ్ విత్తనంలో చెప్పుకోదగ్గ వాటా ఇప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా చేలల్లోంచే వెళుతోంది. భారత వ్యవసాయంలో అంతకుమించిన ఆధునిక సరుకు లేదని కంపెనీలు చెప్పుకున్న ఆ విత్తనం పదేళ్ళ పిల్ల గోటి మీద ఆధారపడి నడిచింది. తనిఖీలొచ్చాయి, పిల్లల్ని పెట్టుకోకూడదని కంపెనీలు ఒప్పందాల్లో రాశాయి, స్వచ్ఛంద సంస్థలు ఊరూరా తిరిగాయి. సంఖ్య తగ్గింది. పూర్తిగా పోలేదు.

సాంకేతిక యుగానికి బడి ఎట్లా సర్దుకోవాలన్న చర్చ ఎక్కడ మొదలైనా ఒక ఊహతో మొదలవుతుంది. కొత్త ప్రపంచం ఎక్కడో దూరంగా ఉంది, మనం ఇంకా దాన్ని చేరలేదు, పిల్లల్ని ఆ బండి ఎక్కించాలి అని. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో నిలబడి చూస్తే ఆ ఊహ తలకిందులవుతుంది. ఇక్కడికి సాంకేతికత ఎప్పుడో వచ్చింది. బడి వాకిట్లోంచి రాలేదు. చేను గట్టు మీదుగా, మగ్గం గుంతలోంచి, ప్రాజెక్టు పనుల మీదుగా వచ్చింది. ప్రతిసారీ ఇంటి బతుకును మార్చింది. బడి మాత్రం ఆ మార్పును తన పాఠంలోకి రానీయలేదు. ఈ సమీక్షంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

2011 జనగణనలో రాష్ట్ర అక్షరాస్యత 66 శాతం పైచిలుకు. గద్వాల జిల్లాది 49.87, తెలంగాణ జిల్లాలన్నిటిలో అట్టడుగు. వనపర్తి, నాగర్‌కర్నూల్ యాభై దాటినా అరవై అందుకోలేదు. ఈ మూడు జిల్లాలూ 2016 అక్టోబర్‌లో పుట్టాయి గనక ఆ లెక్కలు పాత మహబూబ్‌నగర్ జిల్లాను ముక్కలు చేసి తీసినవి. ఇంకా విచిత్రం, 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. అరచేతి ఫోన్‌లో అన్నీ తెలిసే కాలంలో గట్టు మండలంలో ఎందరికి చదువొచ్చో చెప్పడానికి మన దగ్గరున్నది పదిహేనేళ్ళ కిందటి కాగితం.

ఆ అంకె పక్కన ఇంకో మాట పెట్టి చూడాలి. సంస్థానాల కాలంలో గద్వాలను విద్వద్గద్వాల అని పిలిచేవాళ్ళు. కార్తీక, మాఘ మాసాల్లో ఎక్కడెక్కడి పండితులో వచ్చి సభల్లో పద్యాలు చెప్పి, సన్మానాలు అందుకుని వెళ్ళేవాళ్ళు. ఇదే నేల మీద బోరవెల్లిలో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా ఊరూరి నుంచీ వివరాలు రప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. ఇప్పటి భాషలో చెబితే అది తపాలా మీద నడిచిన డేటా సేకరణ. ఆ మనిషే 1952లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచారు. వనపర్తి రాజా రామేశ్వరరావు రాయబారిగా పనిచేసి, ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థకు పెద్దగా ఉన్నారు. ఆయన భార్య శాంతా రామేశ్వరరావు జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనల ప్రభావంతో 1961లో విద్యారణ్య పాఠశాల ప్రారంభించారు. హైదరాబాద్‌లో. వనపర్తి రాజమహల్‌లోకి 1959లో పాలిటెక్నిక్ వచ్చింది.

అంటే విద్యకు ఇక్కడ కొదవ లేదు. దాన్ని పంచిన తీరులో ఉంది లోటు. పండితుడికి శాలువా, పట్నపు పిల్లకు స్వేచ్ఛగా చదివే బడి, మధ్యతరగతి కుర్రాడికి డిప్లొమా దక్కాయి. చేనికి నీళ్ళు కట్టే ఇంటికి మాత్రం ఒక గది, ఒక సారు. కృత్రిమ మేధ గురించి మాట్లాడేటప్పుడు కూడా ఈ పంపకమే మళ్ళీ జరగబోతోందా అన్నదే నా మొదటి అనుమానం.

మగ్గం దగ్గరికి వెళదాం. గద్వాల చీర ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు. ఈ రెండు రకాల దారాల్నీ కుట్టు లేకుండా నేతలోనే ముడివేసే పనిని కుప్పడం అంటారు. మూడు నాడెలతో నేసే ఈ పనికి ఒక్కరి చేతులు చాలవు, మగ్గం పక్కన ఇంకొకరు కావాలి. ఆ ఇంకొకరు చాలా ఇళ్ళలో ఇంటి పిల్లలే. 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, దుకాణంలో పేరు పెరిగింది, దాంతోపాటు మరమగ్గం మీద నేసిన నకళ్ళూ పెరిగాయి. గద్వాల, రాజోలి, ఐజ, అమరచింత నేతిళ్ళలో ఇది రోజూ వినిపించే గోడు.

అయితే ఆ మగ్గం నెత్తిన ఉన్న జకార్డు పెట్టెను చూడండి. దానికి వేలాడే అట్టల దండను చూడండి. అట్టలో రంధ్రం ఉన్నచోట దారం పైకి లేస్తుంది, లేనిచోట లేవదు. ఉంది, లేదు. ఒకటి, సున్నా. ఈ అట్టల వరసే పువ్వవుతుంది, హంస అవుతుంది, గోపురం అవుతుంది. 1804 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో జోసెఫ్ మేరీ జకార్డ్ తయారుచేసిన ఈ ఏర్పాటు చూసే ఇంగ్లండ్‌లో చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి అట్టలతో ఆజ్ఞలివ్వాలని తలపోశాడు. 1890లో అమెరికా జనగణనను హెర్మన్ హోలరిత్ రంధ్రాల కార్డులతోనే లెక్కకట్టాడు. అక్కణ్ణుంచి కంప్యూటర్‌దాకా దారి తిన్ననిదే. రాజోలిలో ఆరో తరగతి చదివే నేతకారుల పిల్లకు కోడింగ్ అంటే ఏమిటో వేరే దేశపు బొమ్మలతో చెప్పక్కర్లేదు. ఇంట్లో అట్టల దండ ఒకటి తెచ్చి బల్ల మీద పరిస్తే చాలు. రెండు అట్టలు తారుమారైతే చీర మీద హంస ముక్కు ఎక్కడికి పోతుందో ఆ పిల్లకు తెలుసు. ప్రోగ్రామర్లు బగ్ అనేది దాన్నే.

2020 జాతీయ విద్యావిధానం ఆరో తరగతి నుంచి కోడింగ్ నేర్పాలంది. మంచిదే. ఆ పాఠం గద్వాలలో ఏ రూపంలో ఉండాలన్న ప్రశ్న ఎవరూ వేయలేదు. కంప్యూటర్లు రావాలి, కరెంటు నిలకడగా ఉండాలి, ఇన్‌స్ట్రక్టర్ కావాలి అంటూ ఎదురుచూపుల జాబితా ఒకటి తయారైంది. ఆ జాబితా తీరేలోగా ఒక తరం పదో తరగతి దాటుతుంది.

సీడ్ పత్తి విషయం మరీ కడుపు తరుక్కుపోయేది. పదో తరగతి జీవశాస్త్రంలో అనువంశికత పాఠం ఉంటుంది. మెండల్ బఠానీ పువ్వుల్లో కేసరాలు తీసేసి, వేరే మొక్క పుప్పొడి రాసి, తరతరాల లెక్క రాసిపెట్టిన కథ. మల్దకల్ హైస్కూలు లాంటి చోట బెంచీ మీద కూచున్న ఆడపిల్లల్లో కొందరు ఆ ప్రయోగాన్ని చేతులారా కొన్ని వేలసార్లు చేసినవాళ్ళు. పుస్తకానికి ఆ సంగతి తెలియదు. సారుకు తెలిసినా చెప్పడు, ఎందుకంటే అది బాలకార్మిక వ్యవహారం, తెలిసినట్టు ఒప్పుకుంటే తంటా. ఆ పిల్లేమో బోర్డు మీద నిలువుగీతలు, అడ్డగీతలు గీసిన గడుల్ని బట్టీ పట్టి, పరీక్షలో రాసి, మరిచిపోతుంది.

జీవోటీ అనే మాట నడిగడ్డలో పసిపిల్లకు కూడా తెలుసు. రైతు ఇచ్చిన విత్తనంలో కొంత తీసి కంపెనీవాళ్ళు వేరేచోట మొలకెత్తించి, మొక్కల్ని ఎదగనిచ్చి, హైబ్రిడ్ స్వచ్ఛంగా ఉందో లేదో చూస్తారు. పాసైతే డబ్బు. ఫెయిలైతే కంపెనీకీ రైతుకూ మధ్యవర్తి అయిన ఆర్గనైజర్ తెచ్చిచ్చిన విత్తనం, మందులు, అడ్వాన్సు, వాటి మీద వడ్డీ, అన్నీ అప్పు కింద మిగులుతాయి. ఏటా ఈ జీవోటీ గొడవ మీద రైతులు రోడ్డెక్కుతుంటారు. నమూనా ఎంత తీశారు, ఎన్ని మొక్కలు లెక్కపెట్టారు, అందులో ఎన్ని తేడా వచ్చాయి, శాతం ఎట్లా కట్టారు అని అడగగల మనిషి ఊళ్ళో కావాలి. ఇది తొమ్మిదో తరగతి గణాంకశాస్త్రానికి మించిన లెక్క కాదు. ఒప్పంద పత్రం చదవడం, వడ్డీ కట్టడం, నమూనా అంటే ఏమిటో తెలియడం నడిగడ్డలో సాంకేతిక విద్యకు మొదటి మెట్టని నేననుకుంటాను. రోబోటిక్స్ తర్వాత రావచ్చు.

పాలమూరు లేబర్ సంగతి అందరికీ తెలిసిందే, పొడవుగా చెప్పను. పలుగు, పార, తట్ట పట్టుకుని గుంపు మేస్త్రి వెంట వెళ్ళి దేశంలోని ఆనకట్టలెన్నో కట్టినవాళ్ళు ఈ జిల్లాల వాళ్ళు. జేసీబీ వచ్చింది, మట్టి పని పోయింది. వాళ్ళు హైదరాబాద్ భవనాలకూ, ముంబై, పుణెలకూ, ఇటుక బట్టీలకూ మళ్ళారు. యంత్రం పని లాక్కుంటే ఏమవుతుందో అని ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు భయపడుతున్నారే, ఆ అనుభవం ఇక్కడ నలభై ఏళ్ళ పాతది. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలి ఎనిమిదిమంది చిక్కుకుపోయారు. బోరింగ్ యంత్రంతో తవ్వే ఆ సొరంగంలో పనిచేస్తున్న ఆ ఎనిమిదిమందీ బయటి రాష్ట్రాల వాళ్ళే. తవ్వకానికి పేరుపడ్డ జిల్లాలో, తవ్వకం యంత్రానిదయ్యాక, ఆ యంత్రం పక్కన నిలబడే పని కూడా ఇక్కడివాళ్ళకు అందలేదన్నమాట.

ప్రభుత్వాలు ఊరికే కూచోలేదు. 2022 మార్చి 8న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ మన ఊరు – మన బడి పథకాన్ని మొదలుపెట్టింది వనపర్తిలోనే. మూడు దశల్లో 26,065 బడులు, 7,289 కోట్ల అంచనా. మొదటి దశకు 9,123 బడులు ఎంచుకున్నారు. మరుగుదొడ్లు, తాగునీరు, కరెంటు, ప్రహరీ, వంటగది, గ్రీన్‌బోర్డు, రంగులు. కొన్ని బడులు నిజంగానే కళకళలాడాయి, కొన్నిచోట్ల బిల్లులు రాక పనులు మధ్యలో ఆగాయి. అదే ఏడు సర్కారు బడులన్నిటా ఇంగ్లిష్ మీడియం మొదలైంది, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలు వచ్చాయి. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు గట్టిపడాలని తొలిమెట్టు వచ్చింది. ప్రభుత్వం మారాక బడుల మరమ్మతుల పని అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల చేతికి వెళ్ళింది. పేర్లు మారడం మన దగ్గర మామూలే.

కొవిడ్ ఏడు గుర్తుందా? 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలోనూ టీ-శాట్‌లోనూ పాఠాలు చెప్పారు. సార్లు ఊళ్ళు తిరిగి పిల్లలు చూస్తున్నారో లేదో రాసుకున్నారు. టీవీ ఉన్నచోట కరెంటు, కరెంటు ఉన్నచోట కేబుల్, అన్నీ ఉన్నచోట ఇంట్లో నిశ్శబ్దం లేవు. ఉన్న ఒక్క ఫోనూ నాన్న జేబులో, నాన్న బట్టీ దగ్గర. ఆ ఏడు సీడ్ పత్తి చేలకు మాత్రం సెలవుల్లేవు.

ఇప్పుడు ముఖాన్ని గుర్తుపట్టి హాజరు వేసే యాప్ వచ్చింది. మధ్యాహ్న భోజనానికి ఒకటి, పుస్తకాలకు ఒకటి, శిక్షణకు ఒకటి. ఒంటరి సారు ఉన్న బడిలో పొద్దున మొదటి పీరియడ్ ఫోన్‌కే సరిపోతుంది. సాంకేతికత బడికి వచ్చింది గానీ పాఠంలోకి రాకుండా ఆఫీసు గదిలో కూచుందని టీచర్ల మాట. నాకు అందులో అతిశయోక్తి కనిపించలేదు.

పరికరం వస్తే చదువు వస్తుందా అన్నది ప్రపంచం ఇప్పటికే చాలా ఖర్చుపెట్టి తేల్చుకున్న ప్రశ్న. పెరూ దేశం ఒక్కో పిల్లకు ఒక్కో లాప్‌టాప్ పథకాన్ని ఎవరూ చేయనంత పెద్దఎత్తున చేసింది. అక్కడి 319 పల్లెబడుల్లో పరిశీలించి 2012లో వెలువడ్డ అధ్యయనం భాషలో గానీ లెక్కల్లో గానీ మెరుగుదల కనబడలేదని చెప్పింది. స్వీడన్ 2023లో చిన్న తరగతుల్లో తెరలు తగ్గించి అచ్చు పుస్తకాల వైపు మళ్ళింది. అదే ఏడు యునెస్కో నివేదిక కూడా జాగ్రత్త చెప్పింది. ఇటువైపు ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ మీద కార్తీక్ మురళీధరన్ బృందం జరిపిన ప్రయోగంలో నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లో మంచి ఎదుగుదల కనిపించింది. తేడా ఎక్కడుంది? ఢిల్లీలో ఎనిమిదో తరగతి పిల్లవాడికి నాలుగో తరగతి లెక్కే వస్తే, యంత్రం నాలుగు దగ్గరే మొదలుపెట్టింది. పెరూలో లాప్‌టాప్ ఇచ్చి వదిలేశారు.

తెలంగాణలోనూ ఏక్‌స్టెప్ ఫౌండేషన్ సాయంతో 2025 ఆరంభంలో కొన్ని జిల్లాల ప్రాథమిక బడుల్లో కృత్రిమ మేధ ఆధారంగా చదవడం, లెక్కలు నేర్పే ప్రయత్నం మొదలైంది. పిల్ల ఎక్కడ ఆగిందో కనిపెట్టి అక్కణ్ణుంచే పాఠం ఇస్తుంది. దీన్ని నేను స్వాగతిస్తాను, ఒక చిన్న గొణుగుడుతో. పిల్ల ఎక్కడుందో అక్కడే మొదలుపెట్టడం అనే ఆలోచన ఏ కంప్యూటరూ కనిపెట్టింది కాదు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రంలో రమ, పద్మనాభరావు దంపతులు అట్టముక్కలతో చేసి చూపిన పని అది. ఒకే సారు, అయిదు తరగతులు, ఒకే గది. ప్రతి పాఠాన్నీ చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, నిచ్చెన మెట్లలాగా పేర్చి, ఏ పిల్ల ఏ మెట్టు మీదుందో ఆ కార్డు తానే తీసుకునేలా చేశారు. అంతా ఒక పెట్టెలో పడుతుంది. తమిళనాడు ఆ పద్ధతిని తన ప్రాథమిక బడులన్నిటికీ తీసుకుపోయింది. మన తెలుగునేల మీద పుట్టినదాన్ని మనం అంతగా పట్టించుకోలేదు. ఏకోపాధ్యాయ పాఠశాలల సంఖ్య తగ్గని ఈ మూడు జిల్లాలకు సరిగ్గా నప్పేది అదే. కరెంటు అక్కర్లేదు, పాస్‌వర్డ్ మరిచిపోయేదీ లేదు.

కేరళ ఇంకో దారి చూపింది. 2001లో ఐటీ ఎట్ స్కూల్‌తో మొదలుపెట్టి, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకుని, ముందు టీచర్లకు నేర్పి, తర్వాత లిటిల్ కైట్స్ అనే క్లబ్బుల్లో పిల్లల చేతికే కంప్యూటర్ల బాగోగులు అప్పజెప్పింది. 2024లో ఏడో తరగతి పుస్తకంలోకి కృత్రిమ మేధ పాఠం చేరింది. ఇరవై మూడేళ్ళు పట్టింది. మనవాళ్ళు ఇరవై మూడు నెలల్లో చేస్తామంటారు.

భాష మాట ఎత్తకుండా ఈ లెక్క తేలదు. అచ్చంపేట వైపు తండాలో పిల్ల ఇంట్లో గోర్‌బోలి మాట్లాడుతుంది. బడిలో సారు తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్. గట్టు, కేటీ దొడ్డి సరిహద్దు ఊళ్ళలో రాయచూరు కన్నడం కలిసిన మాట. ఇప్పుడు యంత్రం తెలుగు మాట్లాడుతోందని సంబరపడుతున్నాం, సంబరపడవలసిందే. కానీ అది పత్రికల తెలుగు. ఏందిర, యాడికి, గట్ల అనే పిల్ల గొంతును అది తప్పుగా విని, తప్పని గుర్తువేస్తే, పాతకాలపు బెత్తం సారుకూ దానికీ తేడా ఏముంటుంది? బెత్తం సారైతే కనీసం ఆ ఊరివాడు. ఇంగ్లిష్ మీడియం మీద తల్లిదండ్రుల కోరిక న్యాయమైనదే, దాన్ని వెక్కిరించే హక్కు పిల్లల్ని కాన్వెంట్లో చదివించుకున్న మాలాంటివాళ్ళకు లేదు. అందుకే ఆ ఎదురెదురు పేజీల పుస్తకం నాకు నచ్చింది. మూడో పేజీ ఒకటి కావాలి, ఇంటి మాటకు. అది అచ్చువేయక్కర్లేదు, వినిపిస్తే చాలు. ఫోన్ పనికొచ్చే చోటు సరిగ్గా అది.

నల్లమలలోకి వెళితే సాంకేతికత మరో వేషంలో కనబడుతుంది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపల అప్పాపూర్ లాంటి చెంచు పెంటలున్నాయి. మన్ననూరులో ఐటీడీఏ కార్యాలయం, ఆశ్రమ పాఠశాల. పెంటల్లో సిగ్నల్ దొరకడం అదృష్టం. ఆన్‌లైన్ క్లాసులన్న మాట అక్కడ నవ్వులాట. కానీ అదే అడవిలో చెంచు యువకులు అటవీశాఖ బేస్‌క్యాంపుల్లో వాచర్లుగా పనిచేస్తున్నారు. చెట్లకు కెమెరాలు కట్టే పని, అడుగుజాడలు గుర్తుపట్టే పని వాళ్ళది. దేశంలో నాలుగేళ్ళకోసారి జరిగే పులుల గణనకు గస్తీ వివరాలన్నీ ఎం-స్ట్రైప్స్ అనే యాప్‌లోకి ఎక్కుతాయి. అడుగుజాడ చూసి ఆడపులో మగపులో చెప్పగల తండ్రి, ఆ జాడను ఫోటో తీసి యాప్‌లో పెట్టే అన్న. తమ్ముడు మాత్రం ఆశ్రమ పాఠశాలలో, రైలు బొమ్మ చూస్తూ రైలు మీద వ్యాసం రాస్తుంటాడు. ఆ ఇంటికి తెలిసినదాంట్లో జీవశాస్త్రం, భూగోళం, డేటా అన్నీ ఉన్నాయి. బడి వాటికి మార్కులివ్వదు.

ఇంతకీ ఏం చేయాలి? క్రాసింగ్ కాలానికి సెలవులు మార్చితే పిల్లల చదువు నిలుస్తుందని ఒకప్పుడు నేనూ వాదించాను. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అట్లా చేస్తే బాలకార్మికాన్ని బడి కేలెండరే ఆమోదించినట్టవుతుంది. చేయవలసింది దానికి తలకిందులు. ఆగస్టు నుంచి అక్టోబర్‌దాకా బడి అన్నిటికన్నా గట్టిగా ఉండాలి. టీచర్ల శిక్షణలూ, సర్వేలూ ఆ మూడు నెలల్లో పెట్టకూడదు. సైన్స్ మేళాలు, ఆటలు, సాయంత్రం అల్పాహారం ఆ నెలల్లోనే ఉండాలి. అనువంశికత పాఠం ఆగస్టులో చెప్పాలి, బడి పెరట్లో రెండు సాళ్ళు పత్తి వేసి, కూలి లేని ప్రయోగంగా. పాలెంలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది, అక్కడి శాస్త్రవేత్తలు ఏడాదికోసారి నాగర్‌కర్నూల్ హైస్కూళ్ళకు వచ్చి మాట్లాడితే ఖర్చు జీపు డీజిలే.

వలస పిల్లల సంగతి వేరు. వాళ్ళు దసరా, సంక్రాంతుల మధ్య పోయి, ఎండాకాలం ముగిసేదాకా రారు. సీజనల్ హాస్టళ్ళు కొందరిని ఆపాయి. చంటి తమ్ముణ్ణి ఎత్తుకోవాల్సిన అక్కను ఏ హాస్టలూ ఆపలేదు. విద్యార్థి ప్రతి ఒక్కరికీ ఇప్పుడు శాశ్వత నంబరు ఉంది, యూడైస్ లెక్కల్లో పేరుంది. కానీ ఆ రికార్డు పిల్ల చదువుతోందా, మానేసిందా అన్నంతవరకే చెబుతుంది. ఏ మెట్టు దగ్గర ఆగిందో, కూడికలో పై స్థానానికి అంకె చేర్చడం వచ్చా లేదా, చదివేటప్పుడు ఒత్తులు పలుకుతోందా అన్న ముక్కలు దాంతో ప్రయాణం చేస్తే, పుణె పక్కన బట్టీ దగ్గరి బడిలోనో, హైదరాబాద్ శివారులోనో టీచర్ అక్కణ్ణుంచే అందుకోవచ్చు. ముఖం గుర్తుపట్టే కెమెరా కన్నా ఇది చవక. పెద్దగా ఫోటోలు తీయించుకునే పని కాదు గనక ఎవరూ ముందుకు రాకపోవచ్చు.

పై చదువుల వైపు కదలిక ఉంది. టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను కొత్త యంత్రాలతో మార్చే ఒప్పందం నడుస్తోంది. వనపర్తిలో జేఎన్టీయూ ఇంజనీరింగ్ కాలేజీ, పెబ్బేరులో మత్స్య కళాశాల వచ్చాయి. రాజమహల్ పాలిటెక్నిక్‌కు అరవై అయిదేళ్ళు దాటాయి. వీటి మెట్ల మీద నిలబడగలిగేది ఎనిమిదో తరగతిలో తెలుగు పేరా తడబడకుండా చదివిన పిల్ల మాత్రమే. కాబట్టి డబ్బు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వస్తే నా ఓటు ఒకటి రెండు తరగతుల టీచరుకు. ఆ తర్వాతే తెర. దేశవ్యాప్తంగా పల్లెల్లో 2024లో జరిగిన అసర్ సర్వేలో 14 నుంచి 16 ఏళ్ళ పిల్లల్లో ఎనభై శాతం పైగా స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చన్నారు. చదువు కోసం దాన్ని వాడినవాళ్ళు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవాళ్ళు 76. ఫోన్ వాడటం నేర్పడానికి బడి అక్కర్లేదని పిల్లలే తేల్చేశారు.

కొత్త జనగణన 2027లో. ఈసారి కాగితం ఉండదు, ఎన్యూమరేటర్లు ఫోన్‌లోని యాప్‌లోనే నింపుతారు. హోలరిత్ కార్డుకు అది ఎన్నో తరం మనవరాలో. గట్టు మండలంలో ఆ ఫోన్ పట్టుకుని ఇల్లిల్లూ తిరగబోయేది ఎవరో మనకు తెలుసు, బడి సార్లే. ఏడేళ్ళు దాటిన ప్రతి మనిషి పేరు పక్కనా చదవడం, రాయడం వచ్చా అన్న గడి ఉంటుంది. సారు గడప ముందు నిలబడి ఆ గడి నింపుతుంటే, ఊరి చివర గదిలో ఆయన రెండో తరగతి పిల్లలు ఆయన కోసం కూచుని ఉంటారు.